ఆరు పలకల గాజు ప్రిజం: బల్ల మీద అందమే, వరదగుడికి మాత్రం పనికిరాలేదు

ఐదుకు మూడు స్టార్లు ఇస్తున్నాను. ఆ మూడూ గాజుకే. మిగతా రెండూ తీసేసింది పెట్టెలో వచ్చిన చిన్న పుస్తకం వల్ల.

నేను సంగారెడ్డి వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఇల్లు లింగంపల్లిలో. 2021 జూన్ 2న హైదరాబాద్ మీద సూర్యుడి చుట్టూ పెద్ద గుండ్రం కట్టింది, మీలో చాలామంది ఫోటోలు తీసే ఉంటారు. లాక్‌డౌన్ రోజులు. మా అత్తమ్మ డాబా మీద వడియాలు పెడుతున్నారు. చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని పైకి చూసి, "బిడ్డా, వరదగుడి కట్టింది. దూరపు గుడి, దగ్గర వాన. వడియాలు లోపల పెట్టు" అన్నారు. వడియాలు లోపల పెట్టేలోగా క్లాసు వాట్సాప్ గ్రూపులో ముప్పై మెసేజ్‌లు. "మేడమ్, సూర్యుడికి ఏమైంది?" ఒక్కటే ప్రశ్న, ముప్పై రకాల స్పెల్లింగులు.

బళ్లు తెరిచాక బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. చాలా ఎత్తున పల్చటి మబ్బు పొర ఉంటుంది, అందులో ఉన్నది నీటి చుక్కలు కాదు, మంచు పలుకులు, ఒక్కొక్కటీ ఆరు పలకల పెన్సిల్ ముక్కలా ఉంటుంది, ఎండ దానిలోంచి దూరి వంగి వస్తుంది అని. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి "జూన్‌లో మంచా మేడమ్?" అన్నాడు. క్లాసంతా నవ్వు. పది కిలోమీటర్ల పైన మన ఎండాకాలంలో కూడా మైనస్ 30 డిగ్రీల చలి ఉంటుందని చెప్పినా వాళ్ల ముఖాల్లో నమ్మకం కనిపించలేదు. చేతిలో పెట్టి చూపించే వస్తువు ఒకటి ఉంటే బాగుండునని అప్పటి నుంచి మనసులో ఉంది.

అందుకే కిందటి దసరా సేల్‌లో ఈ ప్రిజం కనబడగానే కొనేశాను. 1,150 రూపాయలు. అమ్మే పేజీలో ఫోటో చూస్తే మీరూ కొంటారు: ఒకవైపు గాజు ప్రిజం, వెనక ఆకాశంలో సూర్యుడు, చుట్టూ గుండ్రం, రెండు పక్కలా రెండు దొంగ సూర్యుళ్లు, కింద అడ్డంగా రంగుల పట్టీ. "ఆకాశంలోని మంచు వింతలన్నీ మీ ఇంట్లో" అన్న అర్థంలో ఇంగ్లీషులో పెద్దక్షరాలు.

మొదట వచ్చిన దాని అంచు చిట్లి ఉంది. గోటితో రాస్తే తగులుతోంది. ఫోటో పంపితే తొమ్మిది రోజుల్లో వేరేది పంపారు. దీని మీద నాకు ఫిర్యాదు లేదు. రెండోది చక్కగా ఉంది: జానెడు పొడవు, గుప్పిట్లో పట్టేంత లావు, తూకం మంచి బరువు. పలకలు నున్నగా, అద్దంలా. అంచులు చెయ్యి కోసుకోకుండా సన్నగా అరగదీశారు. వెలుగుకు ఎదురుగా పట్టి చూస్తే లోపల ఒక్క బుడగ లేదు. ఈ ధరకు ఇంత మంచి గాజు వస్తుందని అనుకోలేదు. కూడా ఒక చెక్క పీట, తుడుచుకునే గుడ్డ, పన్నెండు పేజీల రంగుల పుస్తకం ఇచ్చారు. గొడవంతా ఆ పుస్తకంతోనే.

మా వంటింటి కిటికీ తూర్పుకు ఉంది. పొద్దున ఆరున్నరకు ఎండ దాదాపు అడ్డంగా లోపలికి వస్తుంది. నల్ల చార్టు ముక్కకు సన్నని నిలువు చీలిక కోసి కిటికీకి అంటించాను. ఆ చీలిక లోంచి వచ్చే ఎండకు అడ్డంగా ప్రిజంను నిలబెట్టాను. ఎదురు గోడ సరిగ్గా మీటరు దూరం. ప్రిజంను రెండు వేళ్లతో పట్టుకుని నెమ్మదిగా తిప్పుతుంటే గోడ మీద ఒక రంగుల ఎండపొడ పాకుతుంది. ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. నేను ఒకే వైపు తిప్పుతున్నాను. ఎండపొడ కొంతదూరం వచ్చి, మెల్లగా నడక తగ్గించి, ఆగి, వెనక్కి మళ్లిపోతుంది. నా వేళ్లు ఆగలేదు, అది ఆగింది. ఎన్నిసార్లు తిప్పినా అదే చోట ఆగి వెనక్కి పోతుంది, అంతకంటే ఇవతలకు రాదు.

పదో తరగతి పిల్లలు గుండుసూదులు గుచ్చి కనుక్కునే కనిష్ఠ విచలన కోణం, అంటే ప్రిజం వెలుగును అన్నిటికంటే తక్కువగా వంచే కోణం, ఇదే. ఆరు పలకల్లో ఒకటి వదిలి ఒకటి పట్టుకుంటే వాటి మధ్య కోణం 60 డిగ్రీలు. మూడు మూలలు కోసేసిన మామూలు ముక్కోణపు ప్రిజం అనుకోండి. ఎండ ఒక పలకలో దూరి, మధ్యదాన్ని వదిలేసి, ఆ తర్వాతి పలక నుంచి బయటికి వస్తుంది. ఆకాశంలో కోట్ల పలుకులు ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంటాయి. ఎలా తిరిగినా ఆ కోణం కంటే తక్కువగా వెలుగును వంచడం వాటి వల్ల కాదు. ఎండపొడ ఆ మలుపు దగ్గర నడక తగ్గిస్తుంది కాబట్టి ఎక్కువ పలుకుల వెలుగు అక్కడే పోగుపడుతుంది. అందుకే వరదగుడి లోపలి అంచు గీత గీసినట్టు, కాస్త ఎర్రగా ఉంటుంది, బయటి అంచు మాత్రం ఎక్కడ అయిపోయిందో తెలియకుండా కరిగిపోతుంది. లోపలి ఆకాశం బయటికంటే కొంచెం నల్లగా కనబడేదీ అందుకే. 17వ శతాబ్దంలోనే ఈ గుండ్రానికి 60 డిగ్రీల మంచు ప్రిజం కారణమని చెప్పినవాడు ఫ్రాన్స్‌కు చెందిన మారియట్. మనం బాయిల్ నియమం అనేదాన్ని ఫ్రాన్స్‌లో ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఇంతవరకూ ప్రిజంకు నూటికి నూరు మార్కులు. ఆ మలుపు ఇంత స్పష్టంగా చూపించే వస్తువు మా ల్యాబులో ఇంకోటి లేదు.

తర్వాత టేపు పెట్టి కొలిచాను. ప్రిజం లేనప్పుడు ఎండ నేరుగా పడే చోట పెన్సిల్‌తో గీత. ఎండపొడ ఆగిన చోట ఇంకో గీత. మధ్య దూరం 81 సెంటీమీటర్లు. మీటరు దూరానికి 81 సెంటీమీటర్లంటే కోణం 39 డిగ్రీలు. పుస్తకం తెరిచి చూస్తే నాలుగో పేజీలో సరిగ్గా ఇదే ప్రయోగం, "22 డిగ్రీలు వస్తుంది" అని అచ్చు. నా టేపే తప్పేమోనని మా అమ్మాయి స్కేలుతో మళ్లీ కొలిచాను. మర్నాడు ఇంకోసారి. అదే 39.

తప్పు ప్రిజంది కాదు, గాజు గాజులాగే వంచింది. వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకె, వక్రీభవన గుణకం, గాజుకు 1.52 దాపున, మంచుకు 1.31. అరవై డిగ్రీల మంచు ప్రిజం 22 డిగ్రీలు వంచితే అదే ఆకారం గాజుతో చేస్తే 39 వంచుతుంది. ఆకాశంలో పలుకులు గాజువైతే వరదగుడి దాదాపు రెండింతలు ఉండేది. పుస్తకం రాసినవాళ్లు ఆకాశం లెక్క తెచ్చి గాజు బొమ్మ కింద వేసేశారు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి చెప్పాను. అవతలి అబ్బాయి చాలా మర్యాదగా "మేడమ్, మీ ఏరియాలో ఎండ తక్కువ ఉండొచ్చు" అన్నాడు. లింగంపల్లిలో, ఎండ తక్కువ! నవ్వొచ్చి ఇంకేం అనలేకపోయాను. పైవాళ్లకు చెబుతానన్నాడు, నాలుగు నెలలైంది.

ఇంతకంటే పెద్ద తప్పు ఏడో పేజీలో ఉంది. ప్రిజంను నిలబెట్టి పై మూత నుంచి ఎండ పంపితే పక్క పలక నుంచి రంగుల చాపం వస్తుందట. ఆకాశంలో నిజంగానే అలా జరుగుతుంది. పెద్ద పలుకులు కొన్ని విస్తరాకు కిందికి వదిలినట్టు బల్లపరుపుగా దిగుతాయి. పై ముఖంలో దూరిన ఎండ పక్క ముఖం నుంచి బయటపడితే సూర్యుడికి చాలా పైన, నడినెత్తి దగ్గర, తలకిందులుగా నవ్వుతున్న ఇంద్రధనుస్సులాంటి ముక్క కనిపిస్తుంది. సూర్యుడు 32 డిగ్రీల కంటే కింద ఉంటేనే అది వస్తుంది. దానికోసం ఒక ఆదివారం పొద్దునంతా నేలమీద కూర్చుని ప్రిజంను అటూ ఇటూ వంచాను. ఒక్క రంగు రాలేదు. మోకాళ్లు పట్టేశాయి. చివరికి కాగితం తీసుకుని లెక్క వేస్తే తెలిసింది: రెండు ముఖాల మధ్య 90 డిగ్రీలున్నప్పుడు వక్రీభవన గుణకం 1.41 దాటితే ఒక ముఖంలో దూరిన వెలుగు రెండో ముఖం నుంచి బయటికి రానే రాదు, మొత్తం లోపలికే తిరిగిపోతుంది. గాజు 1.52. అంటే ఈ ప్రయోగం ఈ వస్తువుతో చస్తే జరగదు. అచ్చువేసే ముందు ఒక్కసారైనా ఒక్కరైనా చేసి చూసుంటే ఆ పేజీ ఉండేది కాదు. ముందు లెక్క వేసుకోకుండా కూర్చున్నందుకు నా మీద నాకూ కోపమే.

తేనె సీసా సంగతి ఇక్కడ మొదలవుతుంది.

లెక్క వేసిన కాగితం మీద పక్కనే నీటి వక్రీభవన గుణకం రాశాను, 1.33. మంచు 1.31. ఎంత దగ్గర! వంటింటి అలమారాలో ఆరు పలకల తేనె సీసా ఒకటి ఖాళీగా ఉంది, అత్తమ్మ దాన్ని ఉసిరికాయ పచ్చడికని దాచారు. లేబుల్ వేడినీళ్లలో నానబెట్టి గీకాను, ఆ జిగురు పోవడానికి కొబ్బరినూనె రాయాల్సి వచ్చింది. అంచు దాకా నీళ్లు పోసి అదే కిటికీ దగ్గర, అదే చీలిక ముందు పెట్టాను. గోడ మీద ఎండపొడ ఆగిన చోటుకు 44 సెంటీమీటర్లు. మంచుకైతే 40 రావాలి. ఇరవై నాలుగుకు కాస్త తక్కువ డిగ్రీలు, ఆకాశంలో 22. గాజు ప్రిజం 81 ఎక్కడ, ఇదెక్కడ? సీసా గోడలు కూడా గాజే కదా అంటారేమో. అవి పల్చటివి, లోపలి బయటి ముఖాలు సమాంతరంగా ఉంటాయి, కిటికీ అద్దంలాగా వంపులో వాటి వాటా దాదాపు ఏమీ ఉండదు. లోపలున్న నీళ్లదే పనంతా.

సీసాకు లోపాలు లేవని కాదు. మూలలు గుండ్రంగా ఉంటాయి, గాజు మందం ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ. ఎండపొడ అంచులు అలుక్కుపోయినట్టు వస్తాయి, ప్రిజంతో వచ్చిన ఆ కత్తిలాంటి ఎరుపు రాదు. నీళ్లలో బుడగలు పడితే ఇంకా చెడుతుంది, కాచి చల్లార్చినవి పోయండి. ఒక జాగ్రత్త కూడా. పలకలున్న సీసాతో భయం లేదు గానీ గుండ్రటి సీసాలో నీళ్లు పోసి ఎండలో వదలకండి, అది భూతద్దంలా పనిచేసి కాగితాన్ని కాల్చేస్తుంది.

ఏడో పేజీ ప్రయోగం మామూలు గాజు గ్లాసుతోనే అయిపోయింది. నిలువు గోడలున్న గ్లాసులో అంచు వరకూ నీళ్లు పోసి, ఎండ తగిలే బల్ల చివర పెట్టండి. సూర్యుడు 28 డిగ్రీల లోపల ఉండాలి, అంటే తెల్లారిన గంటన్నర లోపల. నీటి పైభాగం నుంచి దూరిన ఎండ గ్లాసు గోడ నుంచి బయటపడి, బల్ల కింద నేల మీద జానెడు దూరంలో వంపు తిరిగిన రంగుల చాపం గీస్తుంది. మా అమ్మాయి దాని మీద పాదం పెట్టి "అమ్మా, నా వేళ్లు వంకాయ రంగు" అని అరిచింది. గ్లాసు ధర ముప్పై రూపాయలు.

మరి 1,150 పెట్టిన ప్రిజం దండగేనా అంటే, కాదు. దాన్ని తిప్పి చూడండి. కేకుల మీద క్రీము వేయడానికి మా అమ్మాయి కొనుక్కున్న తిరిగే స్టాండు ఉంది. దాని మధ్యలో చపాతీ పిండి ముద్ద పెట్టి ప్రిజంను నిలువుగా గుచ్చాను. కిటికీ ఎండలో గిర్రున తిప్పితే రెండు జరుగుతాయి. నేరుగా పడే ఎండకు అటు ఒకటి ఇటు ఒకటి, లోపలివైపు ఎరుపుతో రెండు మెరుపులు నిలబడతాయి. అమ్మే పేజీలో ఉన్న దొంగ సూర్యుళ్లు ఇవే, బల్లపరుపుగా దిగే పలుకులు చేసే పని. దూరం తప్పు, తీరు కరెక్టు. రెండోది ఇంకా బాగుంటుంది: పలకల మీద తగిలి తిరిగొచ్చే వెలుగు, రంగు లేకుండా తెల్లగా, గది నాలుగు గోడల మీదా ఒకే ఎత్తున పట్టీలా చుట్టేస్తుంది. ఆకాశంలో కూడా సూర్యుడి ఎత్తులోనే దిగంతానికి సమాంతరంగా ఇలాంటి తెల్లని వలయం అప్పుడప్పుడు కడుతుంది. ఇది తేనె సీసాతో సరిగా రాదు, అద్దంలాంటి పలకలు కావాలి. క్లాసులో కర్టెన్లు వేసి తిప్పినప్పుడు జూన్‌లో మంచేమిటన్నవాడి తమ్ముడు (ఇప్పుడు వీడు నా క్లాసు) ఆ పట్టీ వెంట గోడ పట్టుకుని నడుచుకుంటూ తలుపు దాటి బయటికి పోయాడు.

మా తమ్ముడు అమెరికాలో, మినియాపొలిస్‌లో ఉంటాడు. వీడియో పంపితే "అక్కా, ఇది మాకు జనవరిలో పార్కింగ్‌లో కనబడుతుంది" అని ఒక ఫోటో పెట్టాడు. మూడు సూర్యుళ్లు వరసగా. అక్కడ చలి ముదిరితే పలుకులు మబ్బులో కాదు, నేల దగ్గరే గాలిలో తేలుతుంటాయి, ముఖం ముందు మెరుస్తాయట. అసూయపడ్డాను. కానీ అమ్మే పేజీ ఫోటోలో సూర్యుడికి కింద అడ్డంగా ఉన్న రంగుల పట్టీ మాత్రం వాడికంటే మనకే ఎక్కువసార్లు దొరకాలి. దానికి సూర్యుడు 58 డిగ్రీల పైన ఉండాలి. హైదరాబాద్‌లో ఫిబ్రవరి రెండో వారం నుంచి అక్టోబర్ చివరి దాకా మధ్యాహ్నం ఆ ఎత్తు ఉంటుంది. వాడికి ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకానే. యూరప్ ఉత్తరాన ఉన్నవాళ్లకైతే అసలు లేదు. పల్చటి తెల్ల మబ్బు ఉన్న మధ్యాహ్నం సూర్యుడిని గోడ చాటు చేసుకుని, చెయ్యి చాచి రెండు జానలు కిందికి కొలిచి అక్కడ వెతకండి. జాన కొలత ఉట్టిదే కాదు, చాచిన చేతి జాన బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా 20 డిగ్రీల పైచిలుకు. ఒక జాన దగ్గర వరదగుడి, రెండు జానల దగ్గర ఈ పట్టీ. సూర్యుడిని నేరుగా చూడొద్దు, ప్రిజం లోంచి అసలే చూడొద్దు. ఇంత ముఖ్యమైన మాట ఆ పన్నెండు పేజీల్లో లేదు.

అత్తమ్మ సామెత గురించి కూడా ఒక మాట. పూర్తి సామెత "దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరం వాన". చంద్రుడిని ఆనుకుని చిన్నగా కట్టేది వేరే జాతి, అది ఎక్కువగా నీటి చుక్కల పని. జానెడు దూరాన కట్టేదే మంచు పలుకులది, ఆ పల్చటి పొర చాలాసార్లు వాయుగుండాలకు ముందుగా వస్తుంది. వాన కచ్చితమని కాదు గానీ, రెండు గుడులూ ఒకటి కావని ఆ సామెత కట్టినవాళ్లకు తెలుసు. పుస్తకం రాసినవాళ్లు రెండింటినీ ఒకే పేజీలో ఒకే పేరుతో వేశారు.

కొనేవాళ్లకు: బల్ల మీద పెట్టుకోవడానికి, కనిష్ఠ విచలనం చూపించడానికి, తిప్పి తెల్ల పట్టీ చూడటానికి అయితే కొనండి, గాజు మంచిది. రాగానే అంచులు గోటితో తడిమి చూసుకోండి. వరదగుడి కొలతల కోసం అయితే ముందు తేనె కొనండి. మా సీసా ఇప్పుడు స్కూలు ల్యాబులో ఉంది, అత్తమ్మకు ఉసిరికాయ పచ్చడికి వేరే సీసా బాకీ ఉన్నాను.